బొగ్గు సిపాయి గీసిన ఇల్లు

ఊఁ కొడతామంటేనే చెబుతా. మధ్యలో నిద్రపోతే మళ్లీ మొదటికి రాను. రాజులకు సొంత కోటలు చాలక పరాయి ఊళ్లు కావలసి వచ్చిన కాలం అది.

అప్పట్లో ఒక దండు నేతగాళ్ల ఊరి మీద పడింది. ఊరంతా కొండల్లోకి పారిపోయింది. ఓబులవ్వ ఒక్కతే మిగిలింది. మోకాళ్లు సాగవు మరి, ఏం చేస్తుంది? సిపాయిలు ఇంటింటా దిగారు. ఆమె ఇంట్లో గుర్రాలు కట్టి, మగ్గం గుంటలో గడ్డి పోశారు.

ఆ దండులో ఒక సిపాయి ఉన్నాడు. తీరిక దొరికితే చాలు, దండు దిగిన ఇళ్లను బొగ్గుతో గుడ్డ మీద గీసేవాడు. అవ్వ తొంగి చూసింది.

"ఒరే సిపాయీ, ఆ గుర్రాలేందిరా? నా ఇల్లు నా ఇల్లులా గియ్యి."

"కళ్లకు కనబడిందే గీస్తానవ్వా."

మర్నాడు వంటచెరకు కోసం తలుపులు పీకారు. అతను తలుపుల్లేని ఇల్లు గీశాడు.

"నా ఇల్లు నా ఇల్లులా గియ్యరా!"

"కళ్లకు కనబడిందే గీస్తానవ్వా."

మూడోనాడు, పోతూ పోతూ ఊరు తగలబెట్టమన్నాడు దండును నడిపే దళవాయి. వాడి చేతులు పడిపోను! అవ్వ బూడిద ముందు కూలబడి గుండెలు బాదుకుంది.

"నా కొడుకు కొండ దిగి వస్తే ఇది మనిల్లని ఏం చూపించేదిరా?"

దండు కదిలింది. సిపాయి కదల్లేదు. కాలిన దూలం నుంచి బొగ్గు గిల్లుకుని ఆమె పక్కన కూర్చున్నాడు.

"చెప్పవ్వా, నీ ఇల్లెట్లా ఉండేది?"

తలుపు పక్కన దీపం గూడు. కోడలు అలిగి కూర్చునే మూల. మగ్గం మీదికి వెలుతురు పడే కిటికీ. ఆమె చెబుతోంది, అతను గీస్తున్నాడు.

"ఇక పో నాయనా, నిన్ను వెతుక్కుంటూ వస్తారు."

"కిటికీ ఒక్కటే మిగిలిందవ్వా."

కిటికీ అయింది. గుర్రాలూ వచ్చాయి. దండు విడిచినవాడని అక్కడికక్కడే నరికేశారు. అవ్వ గుడ్డను ఒళ్లో దాచేసింది.

దండెత్తి వచ్చినవాడి పేరడగకూడదని ఆ ఊరి పట్టింపు. అడిగితే చుట్టమవుతాడట. పాడు పట్టింపు! వాళ్లు పోయాక అవ్వ అతని తల ఒళ్లోకి తీసుకుని, "ఎవరి బిడ్డవు నాయనా?" అని అడిగింది. ఎవరు పలుకుతారు?

కొడుకు తిరిగొచ్చి, ఆ బొమ్మ చూసి ఇల్లు కట్టాడు. గీసినవాడి తల్లికి కబురంపాలని అవ్వ బతికినన్నాళ్లూ ఏడ్చింది. ఏ ఊరికని పంపుతుంది?

అందుకే ఆ సీమలో ఇవాళ్టికీ గడప ముందు ఎవరు నిలబడినా, పగవాడైనా సరే, మంచినీళ్ల కన్నా ముందు అడుగుతారు:

"నీ పేరేంది నాయనా? మీ అమ్మ ఏ ఊళ్లో ఉంటుంది?"