వాగు నడుమ వెలువడిన ఆజ్ఞ

చూపు మందగించి మగ్గం వదిలేసిన వీరనాగప్ప, అరవై రెండో ఏట కొత్త పని మొదలుపెట్టాడు. జనాన్ని భుజాల మీద కూర్చోబెట్టుకుని వాగు దాటించేవాడు. ఒకరోజు పొట్టిగా, లావుగా ఉండే మంత్రిగారు ఎక్కారు. వాగు నడుమకు వచ్చేసరికి నాగప్ప రొప్పడం విని ఆయనకు చిరాకేసింది.

"ఛీ, రాజ్యానికే అప్రతిష్ఠ! ఇకమీదట అరవై దాటినవాడు బరువు మోస్తే వంద కొరడా దెబ్బలు. ఇది నా ఆజ్ఞ!"

ఈ పనీ పోతే నాగప్ప ఇంట పొయ్యిలో పిల్లి లేవదు.

"ఎప్పటి నుంచి ప్రభూ?"

"ఈ క్షణం నుంచే!"

"చిత్తం" అంటూ నాగప్ప ఆయన్ను అక్కడే దింపేశాడు.

నీళ్ళు మంత్రిగారి గడ్డం దాకా వచ్చాయి. తలపాగా జారిపడి కొట్టుకుపోయింది.

"ఒరేయ్, ఎత్తుకోరా!"

"వంద దెబ్బలు ఓర్చుకునే వయసా ప్రభూ నాది?"

"ఆజ్ఞ రద్దు!"

"ఎన్నాళ్ళ దాకా?"

"నువ్వు బతికున్నన్నాళ్ళూ!"

నాగప్ప ఆయన్ను మళ్ళీ భుజాలకెత్తుకున్నాడు. ఒడ్డు చేరేదాకా మంత్రిగారు ఇంకో ఆజ్ఞ జారీ చేయలేదు.