ముహూర్తం లేని మొలకలు

అనగనగా ఒక చలికొండ అడవి. అందులో కంటకమ్మ అనే ముళ్ళపంది. గుహ ముందు దాని పెరటితోట. వాము, పుదీనా, తులసి, నడిమధ్య ఆ అడవికంతటికీ ఒకే ఒక్క ఏంజెలికా. కొత్తిమీరకు దూరపు చుట్టం, నిలువెత్తు మొక్క, గొడుగుల్లాంటి పూలు. కంటకమ్మ కూతురు సూదమ్మకు మాటిమాటికీ కడుపునొప్పి. ఆ ఆకు నమిలితేనే తగ్గేది.

కానీ పిల్లలూ, ఆ మొక్క బతుకులో ఒక్కసారే పూస్తుంది. గింజ ఇచ్చి చచ్చిపోతుంది. ఆ ఏడు భాద్రపదంలో గింజ పండింది, మొక్క ఎండింది.

పక్కింటి కుందేలు కుందనం పరుగున వచ్చింది.

"వదినా, ఈ గింజకు ఆయుష్షు తక్కువ. తాజాగా ఉండగానే చల్లెయ్. పైన మన్ను కప్పకు, దానికి వెలుతురు కావాలి. చలికాలం గడిచాక అదే మొలుస్తుంది. నాకూ ఓ చిటికెడు పెట్టు."

"మంచిరోజు చూడకుండానా? బెత్తెడు తోకైనా లేనిదానివి, నీకేం తెలుసే ఆచారం!" అంది కంటకమ్మ.

దోసెడు చీమగుడ్లు పట్టుకుని తొండ సిద్ధాంతి దగ్గరికి వెళ్ళింది. తల ఊపడం ఆయనకు పుట్టుకతో వచ్చింది. అడవి దాన్ని పాండిత్యం అనుకుంది.

"భాద్రపదం శూన్యమాసం. విత్తితే సర్వనాశనం," అన్నాడు గుడ్లు మింగి.

కార్తీకంలో వెళ్ళింది. "శుక్రమూఢం," అన్నాడు. గుడ్లు మింగాడు.

పుష్యంలో వెళ్ళింది. "మళ్ళీ శూన్యమే. మాఘంలో దివ్యమైన ముహూర్తం ఉంది. అందాకా పసుపుగుడ్డలో కట్టి వెచ్చగా దాచు."

మాఘం వచ్చింది. కుంకుమ, కొబ్బరికాయ, హారతి. గింజల్ని బెత్తెడు లోతున పాతిపెట్టారు. సిద్ధాంతి తల ఊపాడు. అందరూ సుష్టుగా భోంచేశారు.

చైత్రం వచ్చింది. ఒక్కటంటే ఒక్కటి మొలవలేదు. అడిగితే సిద్ధాంతి, "విత్తేటప్పుడు ఎవరో తుమ్మారు," అన్నాడు.

ఆ రోజే సూదమ్మకు నొప్పి. పిల్ల మెలికలు తిరిగిపోతోంది. ఆ ఏడుపు విని కుందనం గుప్పెడు లేతాకులు పట్టుకొచ్చింది.

"ఎక్కడివే ఇవి?"

"నీ గింజలే వదినా. దొంగిలించాను. భాద్రపద అమావాస్యనాడు, రాహుకాలంలో, వాగుగట్టు తడినేల మీద చల్లొచ్చాను. నా పిల్లలకూ కడుపులున్నాయిగా."

"అమావాస్య! రాహుకాలం! పైగా దొంగసొత్తు!" కంటకమ్మ ముళ్ళన్నీ నిక్కబొడుచుకున్నాయి. "ఉండు, సిద్ధాంతిగారిని ఒక్కమాట అడిగి..."

"అమ్మా," మూలిగింది సూదమ్మ, "నా కడుపు ఆయన్ని అడిగి నొప్పెట్టిందా?"

ఆకులు లాక్కుని నోట్లో కుక్కుకుంది. కాసేపటికి నొప్పి తగ్గింది. కంటకమ్మ ముళ్ళు దిగడానికి మాత్రం సాయంత్రమైంది.

అప్పట్నుంచి పిల్లకు నొప్పి వచ్చినప్పుడల్లా కంటకమ్మ కుందనం గడపకు వెళ్ళాల్సిందే. కుందనం నాలుగాకులు కోసిస్తుంది, నాలుగు మాటలూ అంటుంది. కంటకమ్మ రెండూ పుచ్చుకుని తలొంచుకుని వస్తుంది.

నీతి: ప్రాణమున్నదాన్ని మంచిరోజు వచ్చేదాకా మూటకట్టి దాచితే, ఆ రోజు వచ్చేసరికి మూటే మిగులుతుంది.