పునుగు వాసన పట్టిన టీ

జల్లుకొండ అడవిలో టీ పొదలు గుబురుగా పెరిగేవి. అక్కడ ఎలుగులు, ఉడుతలు, అడవికోళ్ళతో పాటు సూదమ్మ అనే ముళ్ళపంది, పరిమళయ్య అనే పునుగుపిల్లి కాపురం ఉండేవారు. సూదమ్మకు ప్రతిదీ తెలుసుకోవాలన్న యావ. కొత్తదేది కనబడినా మూతి పెట్టి వాసన చూడందే కదిలేది కాదు. పరిమళయ్య సంగతి చెప్పనే అక్కర్లేదు! తన ఒంటి సువాసనను తానే పొగుడుకుంటూ తిరిగేవాడు.

వాన పడితే చాలు, సూదమ్మ బొరియలోకి నీళ్ళు వచ్చేవి. పిల్లలు తడిసి గజగజ వణికేవి. పరిమళయ్య చెట్టుతొర్ర కూడా కారేది. కొండమీద పొడిగా ఉండే గుహ ఒకటుంది గానీ, దానికి పెద్ద బండ అడ్డం. దాన్ని తొలగించగలిగేది ముసలి ఏనుగు గజమ్మ ఒక్కతే.

గజమ్మకు టీ అంటే ప్రాణం. "మూడేళ్ళు నిలవపెట్టిన టీని ఎవరు రుచిగా కాచి ఇస్తారో, ఆ గుహ వాళ్ళదే" అంది.

ఇద్దరూ ఒకే రోజు, ఒకే పొద ఆకు కోశారు. ఎండబెట్టి, బిళ్ళలుగా నొక్కారు.

పరిమళయ్య తన బిళ్ళను తొర్రలో తల కింద పెట్టుకుని పడుకున్నాడు. "నా సువాసనా పడుతుంది, వయసూ పెరుగుతుంది. ఇంక చూసేదేముంది?" అన్నాడు.

సూదమ్మ తన బిళ్ళను గాలి ఆడే రాతి అరలో దాచింది. ఈ ఆకు లోపల ఏం జరుగుతోందో అని ఆమెకు ఒకటే ఆరాటం. నెలకోసారి చిటికెడు తుంచి కాచుకునేది. మొదటి ఏడు పచ్చి వాసన, నాలుక పట్టేసే వగరు. రెండో వానాకాలంలో సన్నగా బూజు వాసన తగిలింది. సూదమ్మ వెంటనే బిళ్ళను ఎండ తగలని, తేమ లేని ఎత్తైన అరలోకి మార్చింది. మూడో ఏడు వగరు తగ్గింది. గొంతులో సన్నటి తీపి నిలిచింది.

"ఓహో, ఇలా మారుతుందన్నమాట!" అని మురిసిపోయింది.

"ఎందుకమ్మా చెల్లీ, ఊరికే గెలుకుతావు? వయసు పని వయసును చేయనివ్వు" అని నవ్వాడు పరిమళయ్య.

"చేస్తోందో లేదో చూసుకోవద్దా అన్నా?" అంది సూదమ్మ.

మూడేళ్ళు నిండాయి. గజమ్మ ముందుగా పరిమళయ్య టీ నోట్లో పోసుకుని, అంతా బయటికి ఊసేసింది.

"ఛీ ఛీ! ఇది టీయా, నువ్వు స్నానం చేసిన నీళ్ళా?"

"మూడేళ్ళు నిండాయి కదా అవ్వా!"

"నిండాయిలేరా! అన్నాళ్ళూ నీ తల కిందే ఉందే, ఒక్కసారైనా వాసన చూశావా?"

గజమ్మ సూదమ్మ టీ తాగి, కళ్ళు మూసుకుని, ఇంకాస్త పోయమంది. ఆ తర్వాత లేచి బండను పక్కకు నెట్టేసింది.

ఆ వానాకాలం సూదమ్మ పిల్లలు వెచ్చగా నిద్రపోయాయి. పరిమళయ్య మాత్రం కారే తొర్రలో తడుస్తూ కూర్చున్నాడు.

నీతి: కాలం గడిచినంత మాత్రాన ఏదీ మంచిదైపోదు. కనిపెట్టి చూసుకున్నవారికే కాలం మేలు చేస్తుంది.