ఓబులేసుకు పడిన బంతి

అనగా అనగా, కొండలకు ఇంకా పేర్లు పెట్టని కాలంలో ఒక దేశం ఉండేది. ఆ దేశంలో పెద్దా చిన్నా అందరికీ ఈకబంతి ఆట అంటే ప్రాణం. చిన్న బెండుకు చుట్టూ బాతు ఈకలు గుచ్చి ఆ బంతిని చేసేవాళ్లు. నడుమ వల కట్టేవాళ్లు. అటొకరు ఇటొకరు నిలబడి, నరాలతో అల్లిన బ్యాటుతో కొట్టేవాళ్లు. బంతి ఎవరి వైపు నేల తాకితే, అవతలివాళ్ల పేరున గోడ మీద ఒక గీత గీసేవాళ్లు. ఎవరి గీతలు ఎక్కువైతే వాళ్లది గెలుపు.

ఆ దేశానికీ కొండ అవతలి దేశానికీ ఏటా పంట ఇంటికొచ్చాక పోటీ జరిగేది. ఏటా కొండ అవతలివాళ్లే గెలిచేవాళ్లు. రాజుకు అన్నం సహించలేదు. ఊరూరికీ మనుషుల్ని పంపి, చేతివాటం బాగున్న పిల్లల్ని ఏరి తెప్పించాడు. వాళ్లకోసం గాలి చొరబడని పెద్ద ఆటసాల కట్టించాడు. అన్నమూ బట్టా రాజుగారివే. నేర్పడానికి వరదయ్య అనే గురువును పెట్టాడు. వరదయ్య గట్టిమనిషి, మాట తప్పని మనిషి. పిల్లలు తిన్నారని తెలిశాకే తను విస్తరి ముందు కూర్చునేవాడు.

ఆ వరదయ్య ఒక కట్టడి చేశాడు. పిల్లలంతా వరుసలో నిలబడాలి. రోజూ ఆడాలి. గెలిచినవాళ్లు వరుసలో ముందుకు, ఓడినవాళ్లు వెనక్కి. పున్నమినాటికి చిట్టచివర ఎవరుంటే వాళ్లు మూట కట్టుకుని ఇంటికి పోవాలి.

అదే సాలలో ఓబులేసు అనే మనిషి ఉన్నాడు. అతని పని బంతులు అందించడం. బుట్ట చంకన పెట్టుకుని వల దగ్గర నిలబడేవాడు. తను విసరాలి, పిల్లలు కొట్టాలి. మళ్లీ విసరాలి, మళ్లీ కొట్టాలి. పొద్దు పొడిచింది మొదలు దీపాలు పెట్టేదాకా అదే పని. ఒకప్పుడు అతనూ ఆడినవాడే. గెలిచాడన్న పేరు మాత్రం లేదు. బంతి గాల్లో తిరుగుతుంటే దాన్నే చూస్తూ లెక్క మరిచిపోయేవాడు. గోడ మీద గీతలు గీసే పని ఒకసారి అతనికిస్తే, ఆట అయ్యేసరికి గోడ తెల్లగానే ఉంది. మళ్లీ ఎవరూ ఇవ్వలేదు.

వంటింటి నాగమ్మ సంగటి వడ్డిస్తూ ఎగతాళి చేసేది. "ఓబులేసన్నా, ఇది ఎన్నో ముద్ద? అదైనా గుర్తుందా?"

"నాకెందుకమ్మా, నువ్వు లెక్కపెడుతున్నావు కదా" అనేవాడు.

నా అన్నవాళ్లు అతనికి లేరు. సాల మూలన ఈకల గంపల పక్కన పడుకునేవాడు. ఆ మూలే అతని ఇల్లు.

అతనికి ఒక అలవాటుండేది. సాయంత్రం ఆట ముగిశాక, ఓడిన పిల్లలు గోడకు చేరగిలబడి మూతి ముడుచుకుని కూర్చునేవాళ్లు. ఓబులేసు ఈకలు విరిగిన పాత బంతులు ఏరి తెచ్చేవాడు. "దీనికి గీత లేదు, కొట్టు" అని విసిరేవాడు. పిల్లలు ఎగిరి కొట్టేవాళ్లు, వంగి కొట్టేవాళ్లు, వీపు వెనక నుంచి కొట్టేవాళ్లు. తప్పితే నవ్వేవాళ్లు.

ఒకనాడు మేకలు కాసేవాళ్ల పల్లె నుంచి సుంకి అనే పిల్ల వచ్చింది. మిగతా పిల్లలంతా బంతిని ఎత్తుగా, దూరంగా, వెనక గీటు దాకా కొట్టి, ఎదుటివాళ్లు తప్పు చేసేదాకా కాచుకునేవాళ్లు. సుంకి అట్లా కొట్టదు. బంతిని పడనిస్తుంది. ఇంకా పడనిస్తుంది. ఇక నేల తాకిందిరా అనుకునేసరికి మణికట్టు ఒక్క తిప్పు తిప్పుతుంది. బంతి వల మీదుగా పాకినట్టు దాటి అవతల పడిపోతుంది. దాన్ని తీయడం ఎవరి తరమూ కాదు. కానీ ఎప్పుడో గాని అట్లా దాటేది కాదు. ఎక్కువసార్లు వలకే తగిలి ఇవతల పడేది. అందుకని సుంకి వరుసలో చిట్టచివర ఉండేది.

మొదటి పున్నమి వచ్చింది. ఓబులేసు భుజం మీది తువ్వాలు తీసి చేత పట్టుకుని వరదయ్య దగ్గరికి పోయాడు.

"అయ్యవారూ, ఈ పాపను ఇంకో పున్నమి ఉంచండి."

"ఎందుకు?"

"ఎందుకో నాకూ తెలీదు. ఆ పాప కొడితే చూడబుద్ధవుతుంది."

వరదయ్య నవ్వాడు. సరే అన్నాడు.

రెండో పున్నమి వచ్చింది. సుంకి చివరనే ఉంది. ఓబులేసు మళ్లీ పోయాడు.

"నీకు చూడబుద్ధయితే రాజుగారు అన్నం పెడతారా, ఓబులేసూ?"

"నా అన్నంలో సగం పెడతాను, అయ్యవారూ."

"నేనన్నది అన్నం సంగతి కాదులే" అని వరదయ్య ముఖం తిప్పుకున్నాడు. కాసేపటికి సరే అన్నాడు.

మూడో పున్నమి దగ్గరపడింది. ఈసారి ఓబులేసు పోకముందే వరదయ్యే పిలిపించాడు.

"రాజుగారికి తెలిసింది. ఇదే ఆఖరు. పున్నమినాడు ఆ పిల్ల లింగమ్మతో ఆడాలి. గెలిస్తే ఉంటుంది. ఓడితే పోతుంది. కట్టడికి అడ్డం పడ్డందుకు ఆమెతో నువ్వూ పోవాలి."

లింగమ్మ వరుసలో అందరికన్నా ముందుండే పిల్ల. ఓబులేసు ఈకల గంపల వైపు చూశాడు. "సరే అయ్యవారూ" అన్నాడు.

అతను ఈ సంగతి సుంకికి చెప్పలేదు. నాగమ్మ చెప్పింది. ఆ సాయంత్రం నుంచి సుంకి పాత బంతుల దగ్గరికి రావడం మానేసింది. అందరిలాగా ఎత్తుగా, దూరంగా, వెనక గీటు దాకా కొట్టడం మొదలుపెట్టింది. తప్పులు తగ్గాయి. గెలవడం కూడా మొదలైంది.

"ఏం పాపా, మణికట్టు నొప్పా?" అనడిగాడు ఓబులేసు.

"నొప్పేం లేదు తాతా. అది కొడితే తప్పుతా. నేను ఓడితే నువ్వు యాడికి పోతావు?"

"నేను యాడికైనా పోతా. కాళ్లున్నాయి కదా."

అన్నాడే గానీ, ఎక్కడికి పోవాలో అతనికీ తెలీదు. గెలిస్తే బాగుండునని అతనికీ ఉంది. రాత్రి తలకింద ఈకల మూట పెట్టుకునేటప్పుడు ఆ మాటే అనుకునేవాడు.

పున్నమినాడు పొద్దున్నే ఆట మొదలైంది. ఎత్తుగా లింగమ్మ, ఎత్తుగా సుంకి. దూరంగా లింగమ్మ, దూరంగా సుంకి. గోడ మీద గీతలు సమంగా పెరుగుతూ వచ్చాయి. చివరికి ఇంక రెండు గీతలు ఎవరికి ముందొస్తే వాళ్లది గెలుపు అనేదాకా వచ్చింది.

ఓబులేసు బుట్టలోంచి కొత్త బంతి తీసి సుంకికి ఇవ్వబోయాడు. ఆ పిల్ల ముఖం చూశాడు. నెత్తిన నిండు కుండ పెట్టుకున్నదానిలా మెడ బిగబట్టి ఉంది. కళ్లు బంతి మీద లేవు, గోడ మీద ఉన్నాయి. మాట్లాడకుండా బంతి ఇచ్చి పక్కకు తప్పుకుంటే సరిపోయేది. అతనికి ఆ సంగతి తెలుసు. అయినా నోరు ఊరుకోలేదు.

"దీనికి గీత లేదు తల్లీ" అన్నాడు మెల్లగా.

సుంకి అతని వైపు చూసింది. మెడ సడలింది. బంతి కొట్టింది. లింగమ్మ తిప్పి కొట్టింది. సుంకి బంతిని పడనిచ్చింది, ఇంకా పడనిచ్చింది, మణికట్టు తిప్పింది. బంతి వలకు తగిలి ఇవతల పడింది. లింగమ్మకు ఒక గీత.

రెండోసారి ఓబులేసు ఏమీ అనలేదు. బంతి మాత్రం ఇచ్చాడు. సుంకి పడనిచ్చింది, ఇంకా పడనిచ్చింది, మణికట్టు తిప్పింది. బంతి వల మీదుగా పాకి అవతల పడింది. లింగమ్మ కాలు కదపలేదు. సుంకికి ఒక గీత.

మూడోసారి సుంకి పడనిచ్చింది, ఇంకా పడనిచ్చింది, మణికట్టు తిప్పింది. బంతి వల అంచు మీద ఒక్క క్షణం ఊగింది. అటు పోవాలా ఇటు పోవాలా అన్నట్టు ఊగి, ఇవతల పడింది.

వరదయ్య మాట తప్పే మనిషి కాదు. నాగమ్మతో రొట్టెలు చేయించి, తనే మూట కట్టి ఇద్దరి చేతుల్లో పెట్టాడు. గడప దాకా వచ్చి నిలబడ్డాడు.

ఇద్దరూ మేకల పల్లె దారి పట్టారు.

"తాతా, నువ్వట్లా అనకుండా ఉంటే గెలిచేదాన్ని."

"అవును తల్లీ."

"మరెందుకన్నావు?"

"నీ ముఖం చూడలేక అన్నాను. తప్పు చేశానేమో."

ఇంకొంచెం దూరం నడిచారు.

"నడిమిది బాగా పడింది కదా తాతా" అంది సుంకి.

"ఎంత బాగా పడిందో" అన్నాడు ఓబులేసు.

ఓబులేసు సుంకి పల్లెలోనే ఉండిపోయాడు. మేకల దొడ్డి గుంజలకు తాడు కట్టి, దానికి చిరుగుల వల వేలాడదీశాడు. పల్లె పిల్లలు మూగారు. అక్కడ వరుస లేదు, గోడా లేదు. ఎవరికి తోచినట్టు వాళ్లు కొట్టేవాళ్లు. అట్లా కొన్ని వానలు వచ్చిపోయాయి. ఒక పంట ఇంటికొచ్చే వేళకు ఓబులేసు జబ్బుపడి, ఎవరినీ కష్టపెట్టకుండా కన్నుమూశాడు. సుంకి పల్లె పక్కన మిట్ట మీద మట్టి చేయించింది.

ఆ ఏడు పోటీలోనూ కొండ అవతలివాళ్లే గెలిచారు. తిరిగి వచ్చాక లింగమ్మ వరదయ్య ఎదుట నిలబడింది.

"అయ్యవారూ, ఎత్తుగా దూరంగా కొట్టడం వాళ్లకు మనకన్నా బాగా వచ్చు. ఆనాడు సుంకి కొట్టినట్టు కొడితేనే గెలుస్తాం. నాకు అది నేర్చుకోవాలని అప్పటినుంచీ ఉంది."

"మరి నేర్చుకోలేదేం?"

"నేర్చుకోవాలంటే ముందు తప్పాలి కదా అయ్యవారూ. ఇక్కడ తప్పడానికి చోటెక్కడుంది?"

వరదయ్య ఆ రోజు అన్నం ముట్టలేదు. మర్నాడు కర్ర పట్టుకుని మేకల పల్లెకు నడిచాడు. పోయేసరికి ఓబులేసు లేడు. మిట్ట మీద మట్టి ఇంకా తడిగా ఉంది. దొడ్డి దగ్గర పిల్లలు ఆడుతున్నారు. ఒక్కొక్కరిది ఒక్కో దెబ్బ, ఒకటి ఉన్నట్టు ఇంకోటి లేదు. వరదయ్య పొద్దు వాలేదాకా చూశాడు.

"అమ్మా సుంకీ, నాకూ ఒకటి విసురు" అన్నాడు.

సుంకి విరిగిన ఈకల బంతి విసిరింది. పెద్దాయన వంగి, మణికట్టు తిప్పబోయి తప్పాడు. పిల్లలు పకపకా నవ్వారు. వరదయ్య కూడా వాళ్లతో నవ్వాడు.

వరదయ్య సుంకిని వెంటబెట్టుకుని పోయాడు, ఆడటానికీ, నేర్పడానికీ. వరుస ఉంది. గీతలూ ఉన్నాయి. కానీ వచ్చిన పిల్లను ఏడాది తిరగకుండా ఇంటికి పంపడం మానేశారు. తరువాత పోటీల్లో ఒక ఏడు గెలిచారు, ఒక ఏడు ఓడారు, మళ్లీ గెలిచారు. ఏ కొత్త దెబ్బ వస్తుందోనని కొండ అవతలివాళ్లు ముందే వచ్చి కూర్చునేవాళ్లు.

అదంతా అయి ఎన్ని కాలాలైందో. ఆ దేశంలో ఇప్పటికీ ఒక పద్ధతి ఉంది. కొత్త పిల్ల మొదటిసారి బ్యాటు పట్టిన రోజు ఆమెకు ఈకలు విరిగిన బంతే విసురుతారు. అది వలకు తగిలి ఇవతల పడితే ఎవరూ అయ్యో అనరు. "ఓబులేసుకు పడింది" అంటారు. ఆ బంతిని వెంటనే తీయరు. కాసేపు అక్కడే ఉండనిస్తారు. తీసుకునే మనిషి ఇప్పుడే వస్తున్నట్టుగా.