సుంకమ్మ కుండలో ఉప్పు

కనుమ దారికి రాళ్ళు పరచక ముందు, వాగు మీద వంతెన పడక ముందు, మీ తాతల తాతలు గోచీ కట్టడం నేర్వని రోజుల్లో జరిగిన కథ ఇది. దగ్గరికి జరగండి. నోట్లో ఏమన్నా ఉంటే మింగేసి వినండి. ఇది ఆకలి కథ, నములుతూ వినకూడదు.

ఒక కనుమ ఉండేది. కనుమకి అవతల పేట, ఇవతల మూడు ఊళ్ళు. ఎర్రగుడిసెలు, నక్కలమిట్ట, సొరకాయలపాడు. మూడూళ్ళ దారులూ కనుమ మొదట్లో ఒక్కచోట కలిసేవి. ఆ కలిసేచోట బోదగడ్డి కప్పిన ఒక కొట్టం. ఆ కొట్టంలో సుంకమ్మ ఒక్కతే ఉండేది.

సుంకమ్మ బొరుగులు చేసి బతికేది. బియ్యానికి ఉప్పునీళ్ళు పట్టించేది, ఎండలో ఆరబెట్టేది, కాగిన ఇసుకలో వేసి వేయించేది. ఈ పనిలో అసలు కిటుకంతా ఉప్పులోనే ఉంది. ఎక్కువైతే చేదు, తక్కువైతే చప్పన. సుంకమ్మ చెయ్యి ఏనాడూ తప్పలేదు. మూడు సంతల్లో ఆమె మూట విప్పితే పొద్దెక్కేలోపల ఖాళీ అయ్యేది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

పిల్లలు కలగలేదు. మొగుడుండేవాడు, మంచివాడే. సుంకమ్మ ఏం వండిపెట్టినా మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, "రవ్వంత ఉప్పు తక్కువైందే" అనేవాడు. పెళ్ళయిన మర్నాటి నుంచి పోయే ముందురోజు దాకా ఆ మాట మానలేదు. మూడు సంతలు మెచ్చిన చేతికి వంకలు పెడతావా అని ఆమె విసుక్కునేది. ఆయన పోయాక మరి దేనికీ అంత బెంగపడలేదు కానీ, ఆ మాట వినబడక అన్నం గొంతు దిగేది కాదు. వండిన కూటికి వంక పెట్టే మనిషి కూడా లేకపోవడమంటే ఏమిటో ఆమెకి అప్పుడు తెలిసింది.

ఇదిలా ఉండగా పేటలో ఒక అయ్యవారు బడి పెట్టాడు. మూడూళ్ళ నుంచి పన్నెండుమంది పిల్లలు కనుమ దాటి బడికి పోయేవాళ్ళు. పిల్లలంటే చంటిపిల్లలు కాదు. మూతి మీద నూనూగు మీసం వచ్చేవాళ్ళు, గొంతు విరిగేవాళ్ళు, నెలకో జానెడు పొడుగయ్యేవాళ్ళు. వాళ్ళలో ఆడపిల్ల ఒక్కతే, నక్కలమిట్ట నరసక్క. అందరికంటే పొడుగరి ఎర్రగుడిసెల ఉరుకుందు. పొద్దున్నే సద్దిమూట కట్టుకుని పోయేవాళ్ళు, ఆ మూట బడికి చేరకముందే కనుమ మీదనే అయిపోయేది. పొద్దు వాలేవేళకి తిరిగొచ్చేటప్పుడు వాళ్ళ కళ్ళు లోపలికి పోయి ఉండేవి. ఆ వయసు ఆకలి మీకు చెప్పాలా? రాళ్ళు పెట్టినా అరిగే వయసు.

రోజూ వాళ్ళు సుంకమ్మ కొట్టం ముందునుంచే పోయేవాళ్ళు. రోజూ సుంకమ్మ చూసేది.

మొదటిరోజు ఆమె గంపెడు బొరుగులు తడిపి పిండి, ఎర్రగడ్డలూ పచ్చిమిరపకాయలూ వేయించి, పుట్నాలపొడి కలిపి ఉగ్గాని చేసింది. వాకిట్లో నిలబడి, ఆకలైతాందా నాయనా, తినిపోండి అని పిలిచింది. పన్నెండుమందీ ఒక్క గొంతుతో, తినే వచ్చినాం అవ్వా అన్నారు. ఆ మూడూళ్ళకీ కరువు కొత్త కాదు. ఎవరింట్లో ఏముందో పైవాళ్ళకి తెలియకూడదని తల్లులు పిల్లలకి మాటలతోపాటే ఒక మాట నేర్పేవాళ్ళు. ఆకలవుతోందా అని ఎవరడిగినా తిన్నానని చెప్పాలి. లేదంటే ఇంటి పరువు పోతుంది. పిల్లలు పోయారు. పొయ్యి ఆరింది, పొద్దు వాలింది, సుంకమ్మ ఒక్కతే మిగిలింది.

రెండోరోజు ఆమె ఏమీ అడగలేదు. వాకిలి బండ మీద పన్నెండు ఆకులు పరిచి, ఉగ్గాని పెట్టి, తాను తలుపు చాటున దాక్కుంది. పిల్లలొచ్చారు. నడక నెమ్మదించింది. ఎవరి కడుపో గుర్రుమంది, ఎవరో నవ్వారు. ఒక్కరూ ఆగలేదు. ఎవరిదో తెలియని తిండి ముట్టే పిల్లలు కారు వాళ్ళు. కాకులు తిన్నాయి. పొయ్యి ఆరింది, పొద్దు వాలింది, సుంకమ్మ ఒక్కతే మిగిలింది.

మూడోరోజు ఆమెకి మనసు విరిగింది. ఎవరి కోసమూ కాదు, తన కోసమే కాస్త చేసుకుందామని కూర్చుంది. కానీ చెయ్యి అలవాటున మళ్ళీ గంపెడు తడిపేసింది. ఏదో ఆలోచనలో కలుపుతూ కలుపుతూ, ఉప్పు వేసిందో లేదో మర్చిపోయింది. నోట్లో వేసుకుని చూసింది. ఏడ్చిన నోటికి ఉప్పూ తెలియదు, కారమూ తెలియదు. అడుగుదామంటే ఇంట్లో ఇంకో నోరు లేదు. అప్పుడే పిల్లలు వస్తున్న చప్పుడైంది. ఆమె కుండతో సహా బయటికొచ్చి ముందు నడుస్తున్న ఉరుకుందుని ఆపింది.

"అబ్బీ, దీంట్లో ఉప్పు ఏసినానో లేదో తెలీకుండా ఉండాది. రవ్వంత చూసి చెప్పిపో."

ఆకలవుతోందా అంటే తిన్నానని చెప్పొచ్చు. పెద్దావిడ పని చెబితే కాదనడమెట్లా? ఉరుకుందు పిడికెడు తీసుకుని నోట్లో వేసుకున్నాడు. కళ్ళు మూసుకుని నమిలాడు. నమిలి, నమిలి, చివరికి అన్నాడు.

"రవ్వంత తక్కువైంది అవ్వా."

సుంకమ్మ కుండని బండ మీద దించింది. ఎన్నాళ్ళయింది ఆ మాట విని. లోపలికి పోయి ఉప్పు తెచ్చి చల్లింది. ఇప్పుడు చూడమని ఇంకొకణ్ణి అడిగింది. వాడూ చూశాడు. ఇంకో చిటికెడు పడాలన్నాడు. నరసక్క చూసింది. పన్నెండుమందీ చూశారు. చూసి చూసి కుండ అడుగు కనబడేదాకా చూశారు. ఎవ్వరూ తినలేదు సుమా, ఉప్పు చూశారంతే. ఇంటికి పోయి తల్లులకి అదే చెప్పారు. తల్లులూ ఒప్పుకున్నారు.

ఆనాటి నుంచి సుంకమ్మకి రోజూ ఉప్పు తప్పేది. ఒకరోజు వెయ్యడం మర్చిపోయేది. ఒకరోజు రెండుసార్లు వేసేది. ఒకరోజు వేసి, వేశానో లేదో అనేది. ఉగ్గానికీ తప్పేది, గుగ్గిళ్ళకీ తప్పేది, జొన్నరొట్టెల్లో నంజుకునే ఊరిమిండికీ తప్పేది. పిల్లలు బండ మీద కూర్చుని, కాళ్ళు ఊపుకుంటూ, అయ్యవారిని వెక్కిరించుకుంటూ, ఒకరి చేతిలోది ఒకరు లాక్కుంటూ ఉప్పు చూసేవాళ్ళు. చూసి చూసి లేచేటప్పుడు, రవ్వంత తక్కువైంది అవ్వా అనేవాళ్ళు. రేపు సరిచేస్తాలే నాయనా, వచ్చి చూడండి అనేది ఆమె. మూడేళ్ళు అట్లా గడిచాయి. ఆ మూడేళ్ళూ సుంకమ్మ మనుషుల్లో బతికింది.

ఇప్పుడొక తప్పు జరిగింది. చెడ్డవాళ్ళు చేసిన తప్పయితే తిట్టుకుని ఊరుకునేవాళ్ళం. ఇది మంచివాడు చేసిన తప్పు.

ఉరుకుందుకి జాలిగుండె. పాపం అవ్వకి చెయ్యి తప్పుతోంది, రేపు మేం బడి చాలిస్తే ఈమెకి ఉప్పెవరు చూస్తారు అని బెంగపెట్టుకున్నాడు. మూడు రోజులు గంపనీ కుండనీ పక్కనుంచి గమనించాడు. చింతచెక్క ముక్క తెచ్చుకుని చిన్న గరిటె చెక్కాడు. పిడి మీద పువ్వు కూడా చెక్కాడు. చెక్కుతూ వేలు కోసుకున్నాడు. దాన్ని తెచ్చి సుంకమ్మ చేతిలో పెట్టాడు.

"గంపెడు బొరుగులకి ఈ గరిటెడు ఉప్పు అవ్వా. సరిగ్గా సరిపోతాది. ఇంక నువ్వు మా కోసం ఎదురుచూసే పనే లేదు."

పిల్లలందరూ మెచ్చుకున్నారు. సుంకమ్మ గరిటెని అటూ ఇటూ తిప్పి చూసింది. వాడి వేలికి చుట్టిన గుడ్డపీలిక చూసింది. ఇది నాకొద్దు అని ఎట్లా అంటుంది? నాకు ఉప్పు తెలుసు, మూడేళ్ళూ అబద్ధమాడానని ఎట్లా అంటుంది? అంటే పిల్లలు తిన్నట్టే అవుతుంది, ఇంటింటి పరువూ పోతుంది. బాగుంది నాయనా అంది.

మర్నాడు పిల్లలు వచ్చారు, ఆగలేదు. పని లేకుండా ఒకరింటి ముందు ఆగితే దాన్నేమంటారు? ఆకలి అంటారు. దారి మీదనుంచే ఉరుకుందు కేకేశాడు.

"ఉప్పు సరిపోయిందా అవ్వా?"

"సరిపోయింది నాయనా."

పొయ్యి ఆరింది, పొద్దు వాలింది, సుంకమ్మ ఒక్కతే మిగిలింది.

రెండోరోజూ కేకేశాడు. సరిపోయింది నాయనా అంది. ఆ మాట అంటుంటే ఆమెకి తన తలుపు తానే మూసుకుంటున్నట్టు ఉండేది. బయట పన్నెండుమంది కడుపులు కాల్చుకుంటూ పోతున్నారు. లోపల గంపెడు ఉగ్గాని చల్లారిపోతోంది. మధ్యలో ఉన్నదల్లా ఆ చిన్న గరిటె. పొయ్యిలో పడేసి, విరిగిపోయింది నాయనా అంటే సరిపోయేది కదా అని మీరంటారు. నేనూ చిన్నప్పుడు అదే అన్నాను. ఆమెకి చేతులు రాలేదు. పుట్టి బుద్ధెరిగాక ఆమె కోసం ఎవరైనా చెక్కి ఇచ్చింది అదొక్కటే. గోడమేకుకి తగిలించింది. తగిలించి దాని ఎదురుగా కూర్చునేది.

అట్లా ఒక పంటకారు గడిచింది. రోజూ వండేది. రోజూ పన్నెండు ఆకులు తుడిచిపెట్టేది. రోజూ సరిపోయింది నాయనా అనేది. గొంతు రోజురోజుకీ సన్నబడింది. దారి మీదికి ఆ తేడా తెలిసేది కాదు. పిల్లలు ఇంటికి పోవాలన్న తొందరలో ఉండేవాళ్ళు. ఆకలి మీదున్నవాళ్ళు గొంతులు పోల్చగలరా?

ఒకరోజు ఉరుకుందు కేకేశాడు. జవాబు లేదు. రెండోసారి కేకేశాడు. లేదు. మూడోసారి పన్నెండుమందీ కలిసి కేకేశారు. కొండ పలికింది కానీ కొట్టం పలకలేదు.

లోపలికి పోయారు. సుంకమ్మ గుంజకి ఆనుకుని, వాకిలి వైపు మొహం పెట్టుకుని కూర్చుని ఉంది. ప్రాణం లేదు. పక్కన ఉగ్గాని కుండ. ఇంకా వెచ్చగానే ఉంది. ముందు పన్నెండు ఆకులు.

నరసక్క ఊళ్ళోకి పరిగెత్తింది. మూడూళ్ళ వాళ్ళు వచ్చేలోపల ఉరుకుందు ఆ గోడ వంకే చూస్తూ నిలబడ్డాడు. గరిటె మేకుకే ఉంది. పిడి చుట్టూ సాలెగూడు. గుంటలో ఒక్క ఉప్పురవ్వ అంటిన గుర్తు లేదు, చెక్క ఇచ్చిననాటి రంగులోనే ఉంది. వాడు కుండ దగ్గర కూర్చుని పిడికెడు తీసి నోట్లో పెట్టుకున్నాడు. ఉప్పు సరిగ్గా ఉంది. గరిటె లేకుండా, చూసేవాళ్ళు లేకుండా, కొలిచినట్టు ఉంది. మూడు సంతలు మెచ్చిన చెయ్యి కదా. ఆ చేతికి ఉప్పు తప్పుతుందని మూడేళ్ళు ఎట్లా నమ్మాడో వాడికే అర్థం కాలేదు. ఆమె చూడమన్నది ఉప్పుని కాదని, తాను గరిటె ఇచ్చి ఆమె ఇంట్లోంచి మనుషుల్ని తీసుకుపోయానని అప్పుడు తెలిసింది. గుండె పగిలేటట్టు ఏడ్చాడు. ఏడుస్తూ ఇంకో పిడికెడు తీశాడు.

అప్పటికి పెద్దలొచ్చారు. పీనుగున్న ఇంట్లో కూడు ముట్టకూడదు. పొయ్యి మీదున్నది కూడా పారబోయాలి. అది మూడూళ్ళ ఆచారం. పైగా పరాయి ఇల్లు. ఉరుకుందు తల్లి ఈరమ్మ, తిన్నానని చెప్పడం మూడూళ్ళలో అందరికంటే గట్టిగా నేర్పిన తల్లి, గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఏం పని రా అది? మైల కూడు తింటాండావా?"

"తినలేదమ్మా. ఉప్పు చూస్తాండా."

ఆ మాటకి పిల్లలు ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. ఒక్కొక్కరే పిడికెడు తీసుకున్నారు. సరిపోయింది అనబోయి ఉరుకుందు మానుకున్నాడు. ఇన్నాళ్ళూ ఆమె చేత అనిపించిన మాట అది. వాడు సుంకమ్మ మొహంలోకి చూసి, రవ్వంత తక్కువైంది అవ్వా, రేపు మళ్ళీ వచ్చి చూస్తాం అన్నాడు. పన్నెండుమందీ అదే అన్నారు. ఈరమ్మ కొడుకు డొక్కల వంక చూసింది, కుండ వంక చూసింది, ఆకుల వంక చూసింది. మూడేళ్ళు తన బిడ్డ ఎవరి చేతి కూడుతో అంత పొడుగయ్యాడో ఆమెకి తెలియదా? తెలుసు, ఒప్పుకోలేదంతే. చెప్పులు వాకిట్లో విడిచి వచ్చి, నేల మీద కూర్చుని, చిటికెడు తీసి నోట్లో వేసుకుంది.

"రవ్వంత తక్కువైంది పెద్దమ్మా" అంది.

ఆరోజు కుండ అడుగంటేదాకా మూడూళ్ళూ ఉప్పు చూశాయి. ఆ తర్వాతే సుంకమ్మని ఎత్తారు. గరిటె ఆమె చేతిలోనే పెట్టి పంపారు.

కొట్టం ఎప్పుడో కూలిపోయింది. బండ ఉంది. కనుమ దాటేవాళ్ళు దాని మీద పిడికెడు బొరుగులు, చిటికెడు ఉప్పు పెట్టిపోతారు. దారిన పోయే పిల్లలు వాటిని తినెయ్యాలి. తినకపోతే పెద్దలు కోప్పడతారు.

ఇంకోటుంది. ఆ మూడూళ్ళలో ఉప్పుకి గరిటె పెట్టరు, చేత్తోనే వేస్తారు. పొద్దు వాలేవేళ బడి నుంచి వచ్చిన పిల్లని గానీ పిల్లాణ్ణి గానీ, సొంత బిడ్డయినా పరాయి బిడ్డయినా, ఆకలవుతోందా అని ఎవరూ అడగరు. కుండ ముందుకి జరిపి, ఉప్పు చూసిపో అంటారు. వాళ్ళు కూర్చుని, కుండ అడుగు కనబడేదాకా చూస్తారు. చూసి, చేతులు దులుపుకుని లేస్తూ, ఎంత రుచిగా ఉన్నా సరే, ఆ ఊళ్ళలో ఏ బిడ్డా సరిపోయిందని అనదు. రవ్వంత తక్కువైంది అంటుంది. అంటే రేపు మళ్ళీ వస్తానని.