బేరమాడిన దూరం

ఈ కథలో ముందు డేగ చెప్పిందో, చిలుక చెప్పిందో ఈమధ్య నాకు కలగాపులగం అవుతోంది. వరస తప్పితే మీరే సర్దుకోండర్రా.

అనగనగా ఒక అడవిలో, విమానాశ్రయం గోడకు ఆనుకుని ఒక చెరువు. అందులో వరాలమ్మ అనే పెద్దబాతు ఉండేది. దానికి చలికాలం ఇక్కడ, ఎండాకాలం మంచుకొండల అవతలి సరస్సులో కాపురం. ఆ ఏడు కూతురు బుల్లెమ్మ ముందే వెళ్లి, తొలిసారిగా మూడు గుడ్లు పెట్టింది.

"అమ్మా, ఒక్కదాన్నే పొదుగుతున్నాను. నువ్వొస్తేగాని మేతకు లేవలేను. ఎన్నాళ్లకొస్తావు?" అని గాలితో కబురంపింది.

అది వరాలమ్మ ఏటా ఎగిరే దారే. అయినా తన లెక్క మీద తనకు నమ్మకం లేదు. పదిమందినీ అడుగుదామని బయలుదేరింది. పైగా బేరమాడనిదే నత్తను కూడా ముట్టని రకం.

"గీత గీసినట్టు వెళ్తే ఆరు రోజులు పిన్నీ" అంది డేగ.

"ఆరే! కాస్త తగ్గించు నాయనా. పిల్ల ఆకలితో ఉంది."

"దూరమేమైనా కాకరకాయలా, తగ్గించడానికి?" అంది డేగ. కానీ చుట్టూ పక్షులు చూస్తున్నాయి. "సరే, నీ మొహం చూసి నాలుగు."

గోడ మీది చిలుక పకపక నవ్వింది. "నాలుగా! పొద్దున ఇక్కడ ఎక్కినవాళ్లు మధ్యాహ్నం భోజనానికి ఆ కొండల అవతల విమానాశ్రయంలో దిగుతారు. రోజూ మైకులో వింటున్నాను."

"వాళ్లు ఎక్కేది విమానం కదే?"

"అంత ఇనుమే అరపూటలో వెళ్తే, ఈకలున్న నువ్వు ఎంతలో వెళ్లాలత్తా!"

పక్షులన్నీ తలలూపాయి. గంప దాటి ఎగరని కోడిపుంజు రొమ్ము విరుచుకుంది.

"అరపూటెందుకు వదినా? నేనైతే ఒక్క కూతలో వెళ్లొస్తాను. తీరిక లేక ఆగాను."

అందరూ రెక్కలు టపటపలాడించారు. ఎంత తక్కువ చెబితే అంత పండితుడు!

ఒక్క కూత మరీ చవకగా తోచి, చిలుక చెప్పిన అరపూటకే ఖాయం చేసుకుని, వరాలమ్మ "రేపు పొద్దున్నే వస్తాను" అని కబురంపింది.

దారంతా ఎదురుగాలి. రెక్కలు నొప్పెట్టి కుంట కనబడ్డచోటల్లా దిగింది. కొండల దగ్గర మంచు విడిచేదాకా కూర్చుంది. ఏటా ఇలాగే ఆగేదాన్నని అప్పుడు గుర్తొచ్చింది.

పది రోజులకు సరస్సు చేరింది. బుల్లెమ్మ చిక్కి సగమైంది. రెక్క కింద రెండు పిల్లలు. మూడో గుడ్డు చల్లగా పడి ఉంది.

"పక్క గూటి పిన్ని తోడు కూర్చుంటానందమ్మా. మా అమ్మ వచ్చేస్తోంది, ఎందుకులే అని పంపేశాను. నువ్వు చెప్పిన పొద్దున, ఇదుగో వచ్చేశావనుకుని మేతకు లేచాను."

"అందరూ అలాగే చెప్పారే తల్లీ..."

"అందరి సంగతి సరే. కిందటేడు మనిద్దరం కలిసే కదమ్మా ఎగిరాం?"

వరాలమ్మ ఆ చల్లని గుడ్డును రెక్క కిందికి లాక్కుని, తెల్లవారేదాకా పొదిగింది. అది చిట్లలేదు.

నీతి: బేరమాడితే దూరం తగ్గదు. ఎదురుచూసేవాళ్లకు తీపి మాట చెప్పకండి, ఉన్న లెక్క చెప్పండి.

అమ్మాయ్ రుక్కూ, నువ్వు రాసుకున్నదాంట్లో తల్లి పేరు వరాలమ్మేనా, బుల్లెమ్మా? ఒకసారి చూసిపెట్టవే.