గౌరునాయుడు బాగుచేసిన పెరడు

పరాంకుశం గారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు వచ్చేది కాదు. అడిగినవాడిని ఒకసారి చూసి, చేతిలో పని ముగించుకుని, తీరిగ్గా కూర్చున్నాక, తనకు తెలిసినవాళ్ల ఇంట్లో జరిగిన సంగతి ఏదో ఒకటి చెప్పేవారు. అది అడిగినదానికి జవాబో కాదో వినేవాళ్లే తేల్చుకోవాలి. నాగావళి ఒడ్డున ఆయన ఆశ్రమమంటే రెండు పెంకుటిళ్లు, ఒక కూరగాయల మడి, నలుగురైదుగురు శిష్యులు, అంతే.

ఆ శిష్యుల్లో వైకుంఠం కొత్తవాడు, పనిమంతుడు. వచ్చీరాగానే ఆశ్రమంలో చెయ్యి పెట్టవలసినవి ఎన్ని ఉన్నాయో చూశాడు. వంటింటి కప్పు మీద పెంకులు జారి ఉన్నాయి. దడి ఒక పక్కకు ఒరిగింది. వంగమొక్కలు వరుస తప్పి ఉన్నాయి. అన్నీ తానే సరిచేస్తానని బయలుదేరితే గురువుగారు కొన్నాళ్లు ఆగమన్నారు. ఎందుకు ఆగాలో వైకుంఠానికి అంతుపట్టలేదు. ఒకనాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక అడిగేశాడు.

"లోపం కంటబడ్డాక సరిచెయ్యకుండా ఊరుకోవడం కూడా తప్పే కదండీ?"

పరాంకుశం గారు చేతులు తుడుచుకుని అరుగు మీద కూర్చున్నారు. పార్వతీపురంలో గౌరునాయుడని ఒకాయన ఉన్నాడని మొదలుపెట్టారు.

గౌరునాయుడు బస్సు డిపోలో మెకానిక్కుగా చేసి రిటైరయ్యాడు. ఇంట్లో భార్య సత్యవేణి, అక్క చిన్నమ్మడు ఉండేవారు. ఆ ప్రాంతంలో అక్కను అప్ప అంటారు. చిన్నతనంలోనే తల్లి పోతే అతన్ని పెంచింది ఆ అప్పే. భర్త పోయి ఆవిడ తమ్ముడి పంచన చేరినప్పటి నుంచి ఆ ఇంట్లో వంటిల్లూ పెరడూ ఆవిడ చేతిమీదే నడిచేవి. సత్యవేణి పొద్దున్నే అంగన్‌వాడీకి వెళ్లిపోయి సాయంత్రానికి వచ్చేది.

ఊరికే కూర్చోవడం గౌరునాయుడికి చేతకాలేదు. ఇంటి మరమ్మతులు ఎవరికి వాళ్లు ఎలా చేసుకోవచ్చో ఫోనులో వీడియోలు చూస్తూ, చూసినవన్నీ ఇంటిమీద ప్రయత్నించడం మొదలుపెట్టాడు. నిజం చెప్పాలంటే పని బాగా చేశాడు. పెరటి తలుపు ఎప్పుడు తీసినా కిర్రుమంటూ గచ్చును రాసుకునేది. బందుల్లో నూనె వేసి, అడుగు అంచును చిత్రిక పట్టాడు. గుమ్మం నుంచి కుళాయి దాకా విరిగిన ఇటుకలు పరిచిన బాట ఉండేది, ఎగుడుదిగుడుగా. ఆ ఇటుకలు పెకలించి, కంకర దిమ్మిస కొట్టి, సిమెంటు పోసి, ఎండకు బీటలు వారకుండా తడి గోనెలు కప్పి నీళ్లు పెట్టాడు. బాటకు అడ్డంగా పెరిగిన మరువాన్ని ఎండ తగ్గాక, వేళ్ల చుట్టూ మట్టి చెదరకుండా తీసి ప్రహరీగోడ వారన కుండీల్లో నాటాడు. వంటింట్లో పాత జాడీలూ రేకు డబ్బాలూ తీసేసి, అన్నీ ఒకే తీరు స్టీలు డబ్బాలు కొని, పేర్లు రాసి వరుసగా పేర్చాడు. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. చిన్నమ్మడు మాత్రం గోడకు చెయ్యి ఆనించి నిలబడి, "బాగుందిరా" అని ఊరుకుంది.

ఆ తర్వాతే వంట చెడింది. ఒకరోజు పులుసులో ఉప్పు రెండుసార్లు పడితే, ఇంకోరోజు అసలు పడలేదు. ఏళ్ల తరబడి చెయ్యి జారని మనిషి పాలగిన్నె ఒలకబోసింది. కరివేపాకు కోసుకురావడానికి కూడా పెరట్లోకి వెళ్లడం మానేసింది. పెద్దతనం కదా, ఇక వంట తాను చూసుకుంటానని సత్యవేణి మంచిగానే అన్నది. చిన్నమ్మడు ఆ ఇంటికి వచ్చాక మొదటిసారి కోపం తెచ్చుకుని, అన్నం తినకుండా గదిలో కూర్చుంది.

గౌరునాయుడికి ఇది పెద్దతనం అనిపించలేదు. నిన్నటిదాకా బాగా నడిచిన బండి ఇవాళ మొరాయిస్తే, ఈ మధ్యలో మనం దేనిమీద చెయ్యి వేశామా అని వెతకడం అతని అలవాటు. ఒక మధ్యాహ్నం ఏమీ చెప్పకుండా పెరట్లో జామచెట్టు కింద స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

కాసేపటికి చిన్నమ్మడు గుమ్మంలోకి వచ్చింది. తలుపు అంచంతా తడిమింది. చెప్పులు విడిచి సిమెంటు మీద పాదం పెట్టి, ఎడమవైపుకూ కుడివైపుకూ రాస్తూ ఏదో వెతికింది. కొంత నడిచి ఆగిపోయింది. తల పైకెత్తి గాలి పీల్చి, కుళాయి వైపు కాకుండా ప్రహరీ వైపు తిరిగింది. నాలుగడుగులు వేసేసరికి మోకాలు మరువం కుండీకి కొట్టుకుంది. పట్టపగలు. తమ్ముడు ఎదురుగానే ఉన్నాడు. ఆవిడ ముఖం అతని వైపే ఉంది, అయినా పలకరించలేదు.

గౌరునాయుడు స్టూలు మీంచి లేచాడు.

"అప్పా, చూపు ఎన్నాళ్ల నుంచి లేదు నీకు?"

ఆవిడ ఉలిక్కిపడి, కుండీ అంచు పట్టుకుని నిలదొక్కుకుంది.

"నువ్వు ఇల్లు బాగుచేసేదాకా బాగానే కనబడిందిరా."

ఆ తర్వాత మెల్లగా చెప్పింది. చూపు పక్కలనుంచి తగ్గుతూ వచ్చిందట. ఏ ఇటుక ఎక్కడ లేచి ఉందో కాలికి తెలుసు. మరువం వాసన వచ్చి, కొమ్మ చీరకు తగిలితే కుళాయి వైపు తిరగాలని తెలుసు. తలుపు చప్పుడును బట్టి ఎవరు వచ్చారో పోల్చుకునేది. ఉప్పు జాడీకి పెచ్చు ఊడిన మూతి, పప్పు డబ్బాకు సొట్ట. చెబితే వంటిల్లు తీసేసుకుంటారని చెప్పలేదు. అది కూడా లేకపోతే ఆ ఇంట్లో తానెవరని అడిగింది.

ఆ సాయంత్రమే గునపం తీసుకుని సిమెంటు పగలగొట్టబోతే సత్యవేణి ఆపింది. ముందు డాక్టరుకు చూపిద్దామంది. విశాఖపట్నం తీసుకువెళ్లారు. కంట్లో ఒత్తిడి పెరిగే నీటికాసుల జబ్బని, పోయిన చూపు ఇక రాదని, మిగిలిన కాస్తా మందు చుక్కలతో నిలబెట్టవచ్చని అక్కడి డాక్టరు చెప్పింది. ఇంకొన్ని నెలలు ఇలాగే వదిలేసి ఉంటే ఆ కాస్తా దక్కేది కాదంది.

తిరిగివచ్చాక గౌరునాయుడు మళ్లీ పని మొదలుపెట్టాడు. ఈసారి చిన్నమ్మడు స్టూలు మీద కూర్చుని చెబుతుంటే చేశాడు. సిమెంటు బాటకు ఒక అంచున, కాలికి తెలిసేటట్టు ఇటుకలు వరుసగా పాతాడు. మరువాన్ని కుండీల్లోంచి తీసి కుళాయి దగ్గర నాటితే సగం చచ్చిపోయి సగం నిలదొక్కుకుంది. డబ్బాలకు సత్యవేణి రకరకాల తాళ్లు కట్టింది. తలుపును మళ్లీ కిర్రుమనిపించడం మాత్రం గౌరునాయుడి వల్ల కాలేదు. చివరికి ఒక మువ్వ కడితే, ఇదేమైనా పశువుల శాలా అని చిన్నమ్మడు నవ్వి తీసేయించింది. చప్పుడు లేని తలుపు అప్పటికే ఆవిడకు అలవాటైపోయిందట. వంటిల్లు ఆవిడ చేతిలోనే ఉంది. చుక్కల మందు వేసే పని సత్యవేణిది.

ఇంతవరకు చెప్పి పరాంకుశం గారు లేచారు. వైకుంఠం కూడా లేచాడు. మడి దాకా ఆయన వెనకే నడిచి, అప్పుడన్నాడు.

"అంటే చెయ్యి పెట్టేముందు ఆ ఇంట్లోవాళ్లను ఒక మాట అడగాలన్నమాట."

పరాంకుశం గారు వెనక్కి తిరిగి అతన్ని కుతూహలంగా చూశారు.

"అడిగితే ఆవిడ చెప్పేదంటావా?"